నాలుగంగుళాల పైపు, నలభై చదరపుటడుగుల గది

ఫ్లాటు కొన్న మనిషిని హాలు ఎంత అని అడిగితే అడుగులూ అంగుళాలతో సహా చెబుతాడు. బాత్రూమ్ ఎంత అంటే చేతులు చాచి చూపిస్తాడు. మన ఊళ్ల అపార్ట్‌మెంట్లలో ఎక్కువగా కనిపించే కొలతలు రెండు. కాస్త ఉదారంగా కట్టినచోట 8 అడుగులకు 5, చెయ్యి బిగబట్టి కట్టినచోట 7కు 4. భారతీయ ప్రమాణాల సంస్థ 2016లో వెలువరించిన జాతీయ భవన నియమావళి, స్నానమూ మరుగుదొడ్డీ కలిసి ఉన్న గదికి కనీసం 2.8 చదరపు మీటర్ల చోటు, 1.2 మీటర్ల వెడల్పు ఉండాలంటుంది. 7కు 4 గదిని లెక్కేసి చూడండి, 2.6 చదరపు మీటర్లే వస్తుంది. పుస్తకంలో రాసిన కనీసం కన్నా చిన్న గదిలో ఎన్నో కుటుంబాలు రోజూ పొద్దున్నే వంతులు వేసుకుంటున్నాయన్నమాట.

ఆ గదిని మార్పిస్తున్నామని ఎవరితో అన్నా వచ్చే మొదటి ప్రశ్న "టైల్స్ ఏం తీసుకున్నారు?" షాపులో కంప్యూటర్ మీద చూపించే రంగుల బొమ్మలో తలుపు ఉండదు, బకెట్ ఉండదు, నేల మీద తడి ఉండదు. ఆ బొమ్మ చూసి అడ్వాన్సు కట్టి వస్తాం. పని మొదలైన మూడో రోజున ప్లంబర్ నేల పగలగొట్టి, కింద చూసి, "సార్, కమోడ్ అక్కడికి రాదు" అంటాడు. నేను దగ్గరుండి చూసిన ఇళ్లు మూడు. ఒకటి మాది, ఒకటి తమ్ముడిది, ఒకటి స్నేహితుడిది. మూడింట్లోనూ తగవు ఆ మూడో రోజునే మొదలైంది.

సలహాలకు కొదవేమీ లేదు. ప్లంబర్‌ది ఒక మాట, ఇంటీరియర్ డిజైనర్‌ది ఒక మాట, వాస్తు చెప్పేవారిది ఒక మాట, కింది ఫ్లాటువాళ్లది ఇంకో మాట. విడివిడిగా వింటే అందరి మాటలోనూ న్యాయం ఉంది. ఇవన్నీ విన్నాక నాకు మిగిలిన వరస ఇది: ముందు కమోడ్ నుంచి, భవనం నిలువు పైపులుండే షాఫ్ట్‌లోకి వెళ్లే నాలుగంగుళాల పైపును గీయాలి. తర్వాత పీట మీద కూర్చుని స్నానం చేసే మనిషిని గీయాలి. తలుపు, బేసిన్, షవర్, అద్దం ఆ రెంటి మధ్య మిగిలిన చోట్లో సర్దుకోవాలి. టైల్స్ అన్నిటికన్నా చివర.

పైపుకు అంత పెద్దరికం ఎందుకంటే, గదిలోంచి బయటికి పోయే నీళ్లు రెండు జాతులు. స్నానం నీళ్లూ బేసిన్ నీళ్లూ సన్న పైపులో, రెండు మూడు అంగుళాల దానిలో, ఎటు తిప్పితే అటు పోతాయి. కమోడ్‌కు 110 మిల్లీమీటర్ల పైపు కావాలి. అడుగుకు పావు అంగుళం చొప్పున వాటం కావాలి. మలుపులు ఎంత తక్కువైతే అంత మంచిది. వాటం చాలకపోతే పైపులో నిలవపడుతుంది, నెలకోసారి ప్లంబర్‌కు ఫోన్ చేయాల్సి వస్తుంది. బేసిన్‌ను ఈ గోడ నుంచి ఆ గోడకు మార్చడం ఒకటి రెండు రోజుల పని. కమోడ్‌ను రెండడుగులు జరపాలంటే ముందు నేల కింద ఏముందో తెలియాలి.

నేల కింద ఉండేది రెండు రకాలు. పాత పద్ధతి సంకన్ స్లాబ్. బాత్రూమ్ ఉన్న మేర స్లాబును మిగతా ఇంటికన్నా అడుగు, కొన్ని పాత భవనాల్లో అడుగున్నర దించి పోస్తారు. ఆ గుంతలో పైపులు పరిచి, ఇటుక ముక్కలో బూడిదో నింపి, పైన బెడ్ వేసి టైల్స్ పరుస్తారు. పైపులు మన నేలలోనే ఉంటాయి కాబట్టి మార్చుకునే స్వేచ్ఛ ఎక్కువ. కానీ ఎక్కడైనా జాయింటు కారితే ఆ గుంత చెరువై కూర్చుంటుంది. మనకేమీ తెలియదు, కింది ఫ్లాటు సీలింగ్ మీద చెమ్మ మరకకు మాత్రం తెలుస్తుంది. రెండో పద్ధతిలో స్లాబును దించరు. పైపులు స్లాబు చిల్లులోంచి దిగి, కింది ఫ్లాటు బాత్రూమ్ ఫాల్స్ సీలింగ్ పైన వేలాడుతుంటాయి. లీకైతే వెంటనే కనబడుతుంది. మార్చాలంటే మాత్రం కిందివాళ్ల ఇంట్లోకి వెళ్లి, వాళ్ల సీలింగ్ విప్పి, వాళ్ల గదిలో నిచ్చెన వేయాలి. మన కమోడ్ ఎక్కడుండాలో సగం నిర్ణయం వాళ్లదేనన్నమాట.

సంకన్ స్లాబ్ ఉన్నచోట లెక్క సులువు. కమోడ్‌ను ఆరడుగులు జరిపితే వాటానికి అంగుళమున్నర పోతుంది. పైపు మందం నాలుగున్నర అంగుళాలు, పైన బెడ్డూ టైలూ కలిపి రెండంగుళాలు. మొత్తం ఎనిమిది. అడుగు లోతు గుంతలో ఇది హాయిగా ఇముడుతుంది. అదే పని గుంత లేని స్లాబు మీద చేయాలంటే గది నేలంతా ఎనిమిది అంగుళాలు లేవాలి, గుమ్మంలో మెట్టు రావాలి. నడుం నొప్పి ఉన్నవాళ్లున్న ఇంట్లో బాత్రూమ్ గుమ్మంలో మెట్టు పెట్టే ప్లాను ఎంత అందంగా ఉన్నా చించేయడమే మంచిది. సంకన్ గుంతను ఒకసారి తవ్వాక మాత్రం పొదుపు పనికిరాదు. పాత ఇటుక ముక్కల మలబా మొత్తం తీసేయాలి, వాటర్ ప్రూఫింగ్ కొత్తగా చేయాలి, టైలు వేసేముందు నీళ్లు నింపి కనీసం రెండు రోజులు ఉంచి, కిందికి వెళ్లి సీలింగ్ చూసి రావాలి. మేస్త్రీ "ఒక్క రాత్రి చాలండి" అంటాడు. ఒప్పుకోకండి. ఇంకో సంగతి: 2016 రెరా చట్టం ప్రకారం ఫ్లాటు అప్పగించిన అయిదేళ్లలోపు నిర్మాణ లోపం బయటపడితే సరిచేయాల్సింది బిల్డరే. మనమే నేల తవ్వుకున్నాక అది ఎవరి లోపమన్న వాదన మొదలవుతుంది. కొత్త ఫ్లాటులో ఆ అయిదేళ్లు ఆగగలిగితే ఆగడం తెలివి.

నేల తవ్వకుండా కమోడ్‌ను జరపడానికి ఒక దారి ఉంది. మన ఇళ్లలో దాన్ని తక్కువగా వాడతారని నా ఫిర్యాదు. కమోడ్లు రెండు రకాలు. ఎస్ ట్రాప్ కమోడ్ నేలలోకి దిగుతుంది, పీ ట్రాప్ కమోడ్ వెనక గోడలోకి పోతుంది. ఎస్ ట్రాప్ కొనేటప్పుడు గోడ నుంచి నేల చిల్లు మధ్యకు ఎంత దూరమో కొలవాలి. మన బజారులో నాలుగంగుళాలు, తొమ్మిదంగుళాలు, పన్నెండంగుళాల రకాలు దొరుకుతాయి. కొలత కూడా సరే, కొలిచేది టైలు మీద నుంచా, టైలు తీసేసిన గోడ మీద నుంచా అన్నది తేల్చుకోకపోతే కమోడ్ వెనక చెయ్యి పట్టేంత సందు మిగులుతుంది, లేదా ట్యాంకు గోడకు తగులుతుంది. ఈ ట్రాప్ అనే వంపు మెలికకు మూలపురుషుడు అలెగ్జాండర్ కమ్మింగ్, లండన్‌లో గడియారాలు చేసిన మనిషి. 1775లో ఎస్ ఆకారపు వంపుతో ఉన్న ఫ్లష్ దొడ్డికి పేటెంటు తీసుకున్నాడు. ఆ వంపులో నిలిచే కాసిని నీళ్లే పైపులోని వాసనను గదిలోకి రాకుండా ఆపుతాయి. రెండున్నర శతాబ్దాలుగా పని అదే, నీళ్లు అవే.

పీ ట్రాప్ కమోడ్ పైపు నేలకు ఏడంగుళాల ఎత్తులో వెనక్కి వెళుతుంది. ఆ ఏడంగుళాలే మనకు వరం. గోడ పొడుగునా ఆరంగుళాల మందంతో ఒక చిన్న గట్టు కట్టి, అందులో పైపును షాఫ్ట్ వైపు నడిపిస్తే, కమోడ్‌ను మూడడుగులు జరిపినా వాటానికి ముప్పావు అంగుళమే పోతుంది. స్లాబు ముట్టుకోనక్కర్లేదు, కిందివాళ్లను బతిమాలనక్కర్లేదు. ఆ గట్టును నడుం ఎత్తుకు లేపితే కన్సీల్డ్ ట్యాంకు అందులోనే దాక్కుంటుంది, పైన షాంపూ సీసాలకు చోటవుతుంది. తమ్ముడి ఇంట్లో ఇలాగే చేశాం. ముందు ఒప్పుకోని ప్లంబర్ ఇప్పుడు ఆ గట్టును తన ఆలోచనగా పక్క అపార్ట్‌మెంట్లో చెబుతున్నాడట.

గోడకు వేలాడే కమోడ్ "చోటు ఆదా చేస్తుంది" అన్న మాటను ఇక్కడే తూచి చూడాలి. మామూలు కమోడ్ గోడ నుంచి ఇరవయ్యారు, ఇరవయ్యెనిమిది అంగుళాలు ముందుకొస్తుంది. వాల్ హంగ్ కమోడ్ ఇరవై, ఇరవైరెండే వస్తుంది. కానీ దాని ట్యాంకూ ఫ్రేమూ పట్టడానికి ఆరంగుళాల గట్టు కావాలి. కూడితే అక్కడికక్కడే. మనవి నాలుగున్నర అంగుళాల ఇటుక గోడలు, వాటిని తొలిచి ట్యాంకు లోపలికి తోయడం కుదరదు. తుడవడానికి నేల ఖాళీగా ఉంటుంది, అది నిజమైన లాభం. చోటు లాభం మాత్రం మందపాటి గోడలున్న దేశాల సంగతి.

ఇండియన్ దొడ్డిని వెస్టర్న్‌గా మార్చడం మన ఇళ్లలో ఎక్కువగా జరిగే పని. తప్పులు కూడా ఇక్కడే ఎక్కువ. ఇండియన్ పాన్‌కు తనలో వంపు ఉండదు, నేల కింద వేరే ట్రాప్ కావాలి. పాత భవనాల్లో సంకన్ అడుగున్నర లోతు ఉండటానికీ, లోతు చాలనిచోట పాన్ కింద మెట్టు ఎత్తడానికీ కారణం అదే. కమోడ్‌కు ట్రాప్ తన కడుపులోనే ఉంటుంది. కాబట్టి ఆ మెట్టు తీసేయొచ్చు, గది నేల సమం చేయొచ్చు. ఇది మార్పిడిలో దొరికే ఉచిత లాభం. చాలామంది మేస్త్రీలు మెట్టునలాగే ఉంచి దాని మీదే కమోడ్ బిగిస్తారు, ఇంటి పెద్దాయన రాజుగారిలా సింహాసనం ఎక్కాలి. రెండో తప్పు పాత ట్రాప్‌ను నేలలోనే వదిలి, దాని మీద కమోడ్ కూర్చోబెట్టడం. అప్పుడు ఒకదాని కింద ఒకటి రెండు వంపులవుతాయి. ఫ్లష్ నీరసంగా పోతుంది, మాటిమాటికీ అడ్డుపడుతుంది, తప్పు మాత్రం కమోడ్ కంపెనీ మీదకు పోతుంది.

మాసరేటర్ అని ఒక యంత్రం ఉంది. కమోడ్ వెనక కూర్చుని అంతా రుబ్బి, సన్న పైపులో పైకైనా పంపుతుంది. పైపు గొడవే ఉండదు. కరెంటు పోయినప్పుడు ఏమిటన్నది ఆలోచించుకుని కొనుక్కోవాలి.

పైపు తర్వాత మనిషి. మన దగ్గర దొరికే డిజైన్ పుస్తకాలతో నాకు పెద్ద పేచీ ఇక్కడే. అవి చూపించే బాత్రూమ్‌లో స్నానమంటే నిలబడి షవర్ కింద చేసేది. తెలుగింట్లో స్నానం ఇప్పటికీ చాలాచోట్ల బకెట్టు, మగ్గు, పీట. ఇంట్లో నలుగురుంటే ఇద్దరు షవర్‌వాళ్లు, ఇద్దరు బకెట్‌వాళ్లు. ఆదివారం తలంటుకు నూనె గిన్నె, కుంకుడుకాయ రసం గిన్నె, అమ్మమ్మ వీపు రుద్దే మనుమరాలు కూడా ఆ స్నానం చోట్లోనే పట్టాలి. మూడడుగుల చదరం షవర్‌కు చాలు. పీట మీద కూర్చున్న మనిషి ముందు బకెట్టు పెట్టుకుని మోచేతులు ఆడించాలంటే ఒక వైపు కనీసం నాలుగడుగులు కావాలి. గాజు తలుపుతో మూసిన మూడడుగుల షవర్ పెట్టి, బకెట్టును కమోడ్ పక్కకు తోసేసిన కొత్త బాత్రూమ్‌లు నేను చాలా చూశాను. అక్కడ జరిగేది చూస్తే నవ్వొస్తుంది. షవర్ గది పొడిగా ఉంటుంది, కమోడ్ చుట్టూ తడి ఉంటుంది.

శరీరం కొలతలతో ఈ గదిని మొదట పద్ధతిగా చూసినవారిలో ముఖ్యుడు అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం ఆచార్యుడు అలెగ్జాండర్ కిరా. ఆయన పుస్తకం 1966లో వచ్చింది, పెంచి రాసినది 1976లో. బేసిన్‌లు మనిషికి మరీ కిందున్నాయని, కమోడ్లు మరీ ఎత్తున ఉన్నాయని, ఈ సామానంతా వాడేవాడి ఒంటిని కొలిచి చేసినది కాదని ఆయన వాదన. గొంతుక్కూర్చోవడమే శరీరానికి అనువని చెప్పింది కూడా ఆయనే. మనం పాన్ తీసేసి కమోడ్ బిగిస్తున్న రోజుల్లో ఇది చదవడం కాస్త ఇబ్బందే. అయితే కిరా గారి పరిశోధనలోనూ పీటకు చోటు లేదు. కూర్చుని స్నానం చేసే దేశానికి అలాంటి పుస్తకం ఇంకా ఎవరో ఒకరు రాయాల్సి ఉంది.

ఇప్పుడు 7కు 4 గదినే తీసుకుని అంగుళాల్లో చూద్దాం. పొడుగు 84. తలుపు పక్కన చిన్న బేసిన్‌కు 18, మధ్యలో కమోడ్‌కు 30, చివర కిటికీ కింద స్నానానికి 36. సరిగ్గా 84, ఒక్క అంగుళం మిగలదు. వెడల్పు 48 అని కాగితం మీద ఉంటుంది, సున్నమూ టైలూ రెండు వైపులా తిని 46 మిగులుతుంది. పొడుగులోనూ అంతే పోతుంది. ఇరవయ్యేడు అంగుళాల కమోడ్ ఎదుట మోకాళ్లకు మిగిలేది 19. అందుకే ఈ గదిలో పాత టైల్స్ మీదే కొత్తవి అంటించవద్దంటాను. రెండు గోడలకూ కలిపి ఇంకో అంగుళం పైన పోతుంది. ఇంత ఇరుకులో ఒక అంగుళమంటే మోకాలు గోడకు కొట్టుకోవడమా, కొట్టుకోకపోవడమా అన్న తేడా.

పై వరుస – బేసిన్, కమోడ్, చివర స్నానం – తడిని చివరికి నెట్టేస్తుంది. చాలా భవనాల్లో బిల్డర్ దీన్ని తిరగేసి కడతాడు. షాఫ్ట్ చివరి గోడకు ఉంటుంది కాబట్టి కమోడ్‌ను అక్కడే పెట్టి, స్నానం మధ్యలో వదిలేస్తాడు. పైపు పొట్టిగా ముగుస్తుంది, ఆయన ఖర్చు తగ్గుతుంది, మనం జీవితాంతం తడి నేల మీద నడిచి కమోడ్ దగ్గరికి వెళతాం. రీమోడలింగ్‌లో సరిచేయాల్సిన మొదటి తప్పు ఇదేనని నా అభిప్రాయం. ఆ గట్టూ పీ ట్రాపూ కలిస్తే ఈ తిరగేత 8కి 5 గదిలో నేల పగలకుండానే జరుగుతుంది. నాలుగడుగుల గదిలో మాత్రం గట్టు వేస్తే కమోడ్ ముందు మోకాళ్లకు చోటుండదు. అక్కడ కమోడ్‌ను కదిలించకుండా, మధ్యలోని స్నానం చోటును అంగుళం దించి, వాటాన్ని ఒక పక్క గోడ వైపు తిప్పి, రెండో గోడ వెంట పొడి దారి మిగుల్చుకోవడమే చేయగలిగేది. పెద్ద పెద్ద టైల్స్ వేస్తే వాటం నాలుగు వైపుల నుంచీ జాలీకి తిప్పడం కష్టం. చిన్న టైల్స్, లేదా గోడ పొడుగునా పొడవాటి జాలీ.

తలుపు గురించి ఎవరూ ఆలోచించరు, ఆ తలుపే వెళ్లి బేసిన్‌కు కొట్టుకుంటుంది. రెండున్నర అడుగుల తలుపు లోపలికి తెరుచుకుంటే గదిలో అయిదు చదరపుటడుగుల దాకా దాని తిరుగుడుకే అంకితం. బయటికి తెరుచుకునేలా మారిస్తే ఒక్క పూటలో గది పెరుగుతుంది. లోపల ఎవరైనా జారిపడి తలుపుకు అడ్డంగా పడిపోతే లోపలికి తెరిచే తలుపును తీయలేం. ఈ ఒక్క కారణం చాలు. బయట నుంచి కూడా తీయగలిగే గడియ పెట్టించాలి.

పాత ఇళ్లలో పెరట్లో స్నానాలగది ఒక మూల, దొడ్డి ఇంకో మూల. జపాన్‌లో ఇప్పటికీ చాలా ఇళ్లలో స్నానానికి వేరే గది, మరుగుదొడ్డికి వేరే గది. అదే జపాన్‌లో 1964 ఒలింపిక్స్‌కు ముందు న్యూ ఓటానీ హోటల్ త్వరగా కట్టడానికి, ఇప్పుడు టోటో అని పిలిచే సంస్థ ఫ్యాక్టరీలో తయారైన బాత్రూమ్‌లను తెచ్చి బిగించింది. నేలా గోడలూ ముందే అచ్చు పోసి వచ్చే గదులవి. కొత్త భవనానికి అద్భుతం. ఉన్న ఫ్లాటుకు పనికిరావు, ఆ పెట్టె మన గుమ్మంలోంచి పట్టదు. కానీ విడదీయడమన్న ఆలోచన మాత్రం మనకు పనికొస్తుంది. అయిదుగురున్న ఇంట్లో ఒకటే బాత్రూమ్ అయితే, 8కి 5 గదిని మూడడుగుల దొడ్డిగా, మిగతాది స్నానాలగదిగా చీలిస్తే పొద్దున్న వంతులు సగానికి తగ్గుతాయి. రెండింటికీ గాలి దారి ఉందో లేదో చూసుకోవాలి. ఒకటే కిటికీ ఉంటే లోపలి భాగానికి ఎగ్జాస్ట్ పైపును సీలింగ్ కింద నుంచి షాఫ్ట్ దాకా లాగాలి. నడవలేని పెద్దవాళ్లున్న ఇంట్లో దీనికి పూర్తిగా తిరగేసి, అడ్డుగోడలు తీసేయాలి.

వాస్తు మాట ఎత్తకుండా తెలుగువాడి బాత్రూమ్ గురించి రాయలేం. ఈశాన్యంలో మరుగుదొడ్డి వద్దు, కమోడ్ మీద కూర్చున్నవారి ముఖం ఉత్తరానికో దక్షిణానికో ఉండాలి. సాధారణంగా వినిపించేవి ఈ రెండు. రెండోది కొన్నిసార్లు సులువు. ఎస్ ట్రాప్ కమోడ్ నేల చిల్లు మీద కూర్చుంటుంది కాబట్టి, పక్క గోడకు దూరం సరిపోతే అదే చిల్లు మీద పావు వంతు తిప్పొచ్చు. మొదటిది అపార్ట్‌మెంట్లో దాదాపు అసాధ్యం. బాత్రూమ్‌ను వేరే మూలకు మార్చమని చెప్పేవారు షాఫ్ట్‌ను మార్చరు. మార్చిన గది కింద కిందింటివారి వంటిల్లో పూజగదో వస్తుంది, వారి వాస్తు మాటేమిటి? షాఫ్టూ నిలువు పైపులూ ఎవరి సొంతమూ కావు. 1987 ఆంధ్రప్రదేశ్ అపార్ట్‌మెంట్ల చట్టం కింద అవి ఉమ్మడి ఆస్తి. పొందిక కుదిరినంతవరకు తిప్పుకోవడంలో తప్పులేదు. దూలానికి చిల్లు కొట్టి పైపు లాగుతామంటే మాత్రం ఏ దిక్కు చూసి కూర్చున్నా క్షేమం లేదు.

పెద్దవాళ్ల కోసం మార్పించేవారికి కేంద్రం 2021లో సవరించిన సార్వత్రిక సౌలభ్య మార్గదర్శకాలు పనికొస్తాయి. కమోడ్ సీటు 450 నుంచి 480 మిల్లీమీటర్ల ఎత్తున ఉండాలి, చక్రాల కుర్చీ తిరగడానికి 1500 మిల్లీమీటర్ల చోటు ఉండాలి. 1500 అంటే అయిదడుగులు, మన మంచి గది మొత్తం వెడల్పు. అందువల్ల 8కి 5లో అది కావాలంటే బేసిన్ కింద అలమర తీసేసి మోకాళ్లకు ఖాళీ వదలాలి, గాజు గోడ ఆలోచన మానేయాలి, గుమ్మం మూడడుగులు చేయాలి. 7కు 4లో కుదరదు, పక్కగది గోడ కొట్టాల్సిందే. పట్టుకునే కడ్డీలు ఇప్పుడే అవసరం లేకపోయినా, టైలు వేయకముందే అవి వచ్చే చోట గోడను గట్టిపరచి ఉంచడం తక్కువ ఖర్చు. ఆరంగుళాల సిమెంటు దిమ్మె చాలు. తర్వాత డ్రిల్లింగ్ మిషన్ పట్టుకుని పైపు ఎక్కడుందో ఊహించే పని తప్పుతుంది.

అమెరికాలో ఉన్న మనవాళ్ల బాధ ఇంకో రకం. అక్కడి మామూలు బాత్రూమ్ కూడా 8కి 5. టబ్బు, కమోడ్, బేసిన్ మూడూ ఒకే గోడ వెంట వరసగా ఉంటాయి, ఆ గోడలోనే పైపులన్నీ. ఆ వరస చెడగొట్టకుండా టబ్బు తీసేసి షవర్ వేయించుకోవడమే అక్కడి ముఖ్యమైన రీమోడలింగ్. నియమాలు కచ్చితం. కమోడ్ మధ్య నుంచి పక్క గోడకు 15 అంగుళాలు, ఎదుట 21 ఉండాలి. నేలకు జాలీ ఉండదు, కింద చెక్క. తల్లిదండ్రులు ఇండియా నుంచి వచ్చి మగ్గుతో స్నానం చేసిన మొదటి వారంలోనే ఈ సంగతి కింది అంతస్తు సీలింగ్ మీద తేలుతుంది. పీటకు సరిపడే వెడల్పుతో, లోపలే చేతి షవర్‌తో, గడపెత్తు లేని షవర్ చేయించుకున్నవాళ్లు తెలివిగలవాళ్లు.

చిన్న సంగతులు కొన్ని. గీజర్ కమోడ్ నెత్తిన వద్దు, తలుపు పైన ఉంటే రిపేరుకు నిచ్చెన పడుతుంది. దాని స్విచ్చు గది బయట, 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీతో. వేడినీళ్ల పైపు ఎంత పొట్టిగా ఉంటే బకెట్లోకి చన్నీళ్లు అంత తక్కువ వృథా. బేసిన్ నీళ్లను నేరుగా షాఫ్ట్‌లోకి పంపకుండా నేల నహానీ ట్రాప్ ద్వారా పంపిస్తే, ఆ ట్రాప్‌లో నీళ్లు ఎప్పుడూ నిండి ఉంటాయి. అతిథుల బాత్రూమ్‌లో వచ్చే దుర్వాసనకు ఎక్కువసార్లు కారణం ఎండిపోయిన జాలీయే. ఫినాయిలు పోసినా పోదు, ఒక చెంబెడు నీళ్లు పోస్తే పోతుంది.

ప్లాను సరిపోయిందో లేదో చూడటానికి కంప్యూటర్ అక్కర్లేదు. విజయవాడలో అమ్మ ఉండే మా ఫ్లాటుకు పని పెట్టినప్పుడు, హాలులో సోఫా జరిపి సుద్దముక్కతో గదిని అసలు కొలతల్లో గీశాం. టైలు మందం కూడా తీసేసి. కమోడ్ ఉండేచోట ప్లాస్టిక్ కుర్చీ, బేసిన్‌కు స్టూలు, తలుపుకు అట్టముక్క. డిజైనర్ ఇచ్చిన బొమ్మ ప్రకారం అన్నీ అందంగానే కుదిరాయి. అమ్మ వంటింట్లోంచి వచ్చి, ఒక్క మాటా అనకుండా పీట తెచ్చుకుని, ఖాళీ బకెట్టు ముందు పెట్టుకుని ఆ స్నానం గీత లోపల కూర్చుంది. మగ్గు ముంచి తల మీదికి ఎత్తబోయింది. కుడి మోచెయ్యి గీత దాటి కుర్చీ కాలికి తగిలింది.

"ఏరా, నన్ను ఎడం చేత్తో పోసుకోమంటారా?" అంది.

కుర్చీని నాలుగంగుళాలు ఇటు జరిపాం. ఆ నాలుగు బేసిన్‌లోంచి తీశాం. పద్దెనిమిది అంగుళాలది అప్పటికే కొని ఉంచాం, షాపువాడు వాపసు తీసుకోలేదు. అది ఇప్పుడు బాల్కనీలో తులసికుండ కింద ఉంది.